కోయని కర్ర

చికాగోలో ఫిబ్రవరి సాయంత్రం. వీధిలో మంచు మోకాలి లోతున పేరుకుంది. పాత ఇటుకల మేడ పక్కనుంచి సెల్లార్ మెట్లు దిగుతుంటే రంపప్పొట్టు వాసన, వార్నిష్ వాసన కలిసి ఎదురొస్తాయి. లోపల వెచ్చగా ఉంది. గోడ పొడుగునా పూల్ ఆడే క్యూ కర్రలు నిలువుగా వేలాడుతున్నాయి. ఒక్కదాన్నీ గోడకు చేరేయలేదు. చేరేస్తే ఏళ్లు గడిచేకొద్దీ వంగిపోతాయి.

మీ చంకలో దుప్పట్లో చుట్టిన కర్ర ఉంది. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మిన సామాన్లలో, పారల మధ్య దొరికింది. విప్పి బల్ల మీద పెడతారు. 57 అంగుళాలు, మధ్యలో మర లేని ఒంటి కర్ర. ఎన్ని చేతుల మురికో, నల్లగా గారకట్టింది. మీరు తుడవబోతే కొట్టు నడిపే ముసలాయన చెయ్యి అడ్డం పెడతాడు.

"ముందు కళ్లు. తర్వాతే చేతులు."

దీపాన్ని వంచి వెలుగు ఏటవాలుగా పడేలా పెడతాడు. కర్ర కింది భాగం ముదురు రోజ్‌వుడ్, మన జిట్టేగికి చుట్టం. అందులోంచి నాలుగు మొనలు లేచి పైనున్న లేతరంగు మేపుల్‌లోకి దూసుకుపోయాయి. భూతద్దం మీ చేతికిస్తాడు. చవక కర్రల మీద ఈ మొనలు ఉత్త అచ్చుబొమ్మలు, అద్దం కింద రంగు చుక్కలు బయటపడతాయి. ఇంకొన్నిటిలో మొన నిజమైన చెక్కే కానీ, మేపుల్‌లో గాడి తీసి అతికించి ఉంటారు. ఇక్కడ పిడిలో ఒక గీతను పట్టుకుని చూపును మెల్లగా పైకి జరపండి. ఎక్కడా తెగదు. పిడిలో పుట్టిన గీత మొన చివరిదాకా వెళుతుంది. రెండు చెక్కలు వేళ్లలో వేళ్లు పెట్టి బిగించినట్టు ఒకదాన్లో ఒకటి దిగాయి. దీన్నే ఫుల్ స్ప్లైస్ అంటారు. నాలుగు మొనలూ ఒకే ఎత్తులో లేవు, వెంట్రుకవాసి తేడా ఉంది. అదీ మంచి గుర్తే.

పిడి మీద, మురికి కింద, చిన్న అక్షరాలు కనిపిస్తాయి: టైట్లిస్ట్.

బ్రన్స్‌విక్ కంపెనీ ఈ కర్రల్ని పూల్ హాళ్ల కోసం చేసింది. వచ్చినవాళ్లు గోడమీంచి తీసుకుని ఆడి, మళ్లీ అక్కడే పెట్టి పోయే కర్రలు. కానీ ఆ కూర్పు ఎంత గట్టిదో తెలిసినవాళ్లు ఉన్నారు. ఇదే చికాగోలో హెర్మన్ రాంబో, అక్కడ బ్రూక్లిన్‌లో జార్జ్ బలబుష్కా, టైట్లిస్ట్‌లను తెచ్చి, నడిమికి కోసి, మర బిగించి రెండు ముక్కల క్యూలు చేశారు. బలబుష్కా 1924లో రష్యా నుంచి పిల్లవాడిగా వచ్చాడు. చెక్కపనిలో ఆరితేరాడు. 1959లో ఒక పూల్ హాలులో వాటా తీసుకుని, కర్రలు బాగుచేస్తూ, ఆ క్రిస్మస్‌కు స్నేహితులకు క్యూలు చేసి ఇచ్చాడు. ఆయన తొలి క్యూలు ఎన్నింటికో ఒళ్లు ఈ టైట్లిస్టే.

ఇప్పుడు చేతుల వంతు. కర్ర మడమ అడుగున, ఎవరికీ కనిపించని చోట, ఆల్కహాల్‌లో ముంచిన దూదిని తాకిస్తాడు. జిగటగా అంటుకుంటే పూత లక్కతో చేసిన షెల్లాక్. అంటుకోలేదు, అంటే ఇది షెల్లాక్ కాదు. సబ్బునీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో పిడిని తుడుస్తారు. అక్షరాల చుట్టూ మాత్రం గుడ్డ వేలెడు దూరంలోనే ఆగుతుంది. తళతళలాడాలని రుద్దితే ఆ పేరు గుడ్డకు వచ్చేస్తుంది. దాని మీద మైనం చాలు.

పైకొసన మేపుల్ నీలం తిరిగింది. అది సుద్ద. 1897లో ఇదే నగరంలో విలియం హాస్కిన్స్, ఆటగాడు విలియం స్పింక్స్ కలిసి పేటెంట్ తీసుకున్న సుద్దలో ఇసుకలాంటి సిలికా, కురువిందపు పొడి ఉంటాయి. చెక్క రంధ్రాల్లో కూరుకుంటే ఓపట్టాన రాదు. మీరు ఉప్పు కాగితం వైపు చూస్తారు. ముసలాయన కాలిపర్ పెట్టి కొలుస్తాడు: 12.8 మిల్లీమీటర్లు. పదమూడుతో మొదలైన మూతి అనుకుంటే, పాత యజమానుల శుభ్రాలకు అప్పుడే కొంత కరిగింది. ఇంకా గీస్తే పోయేది సుద్ద ఒక్కటే కాదు. తడిగుడ్డకు వచ్చినంత వచ్చింది. మిగిలిన నీలం ఉండనీ.

ఒకచోట సొట్ట ఉంది. తడిగుడ్డ ముక్క వేసి, వేడి ఇస్త్రీ కొసతో అలా తాకిస్తే సుయ్‌మని ఆవిరి లేస్తుంది. నలిగిన నారలు నీళ్లు తాగి ఉబ్బుతాయి. గుడ్డ తీసి వేలితో తడమండి. సొట్ట లేదు. ఏమీ గీకలేదు, ఏమీ నింపలేదు.

చివరికి లేత్ దగ్గరికి వస్తాడు. మధ్యలో కోస్తే కర్ర సంచిలో పడుతుంది, కారులో పడుతుంది, ధర కూడా పలకవచ్చు.

"కోయమంటారా?"

రాంబో, బలబుష్కా లాంటి మహానుభావులు కోసిన రోజుల్లో హాళ్ల గోడలనిండా ఇవే. ఒకటి పోతే ఇంకొకటి ఉండేది. కోతకు పోయినవి పోగా, హాళ్లు మూతపడి చెత్తలో కలిసినవి పోగా, కోయని కర్ర ఒకటి నడుచుకుంటూ మీ చేతికి వచ్చింది. మీరు తల అడ్డంగా ఊపుతారు. ముసలాయన లేత్ మీద గుడ్డ కప్పుతాడు. ఆ చిన్న పనిలో ఎంత తృప్తి ఉందో ఆయన మొహం చెబుతుంది.

కొత్త తోలు టిప్ అతికించి, దాని వంపును నికెల్ నాణెం అంచుతో సరిచూసి, కర్రను మీకిస్తాడు. మూలనున్న టేబుల్ మీద తెల్ల బంతి ఒక్కటే ఉంది. వంగి, కొడతారు. దెబ్బ తోలులోంచి మేపుల్‌లోకి, మేపుల్‌లోంచి ఆ నాలుగు మొనల మీదుగా రోజ్‌వుడ్‌లోకి, మధ్యలో ఎక్కడా ఇనుము తగలకుండా, నేరుగా మీ అరచేతిలోకి దిగుతుంది.