బ్యాంకు మన ఊరి దాకా వచ్చిన కథ



పట్నంలో వాళ్లకు బ్యాంకు వీధి చివరే ఉంటుంది. కూరగాయలకు పోయి వస్తూ డబ్బు తీసుకుంటారు. మనకు బ్యాంకు అంటే బస్సు ఛార్జీ, ఒక రోజు కూలి. మన అమ్మలకు అదీ లేదు. అవసరం పడితే వడ్డీ వ్యాపారి గడప తొక్కడమే.

1969లో ప్రభుత్వం 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేసింది. 1975లో గ్రామీణ బ్యాంకులు మొదలయ్యాయి. బ్రాంచీలు పల్లెల దగ్గరికి వచ్చినా, తాకట్టుకు పట్టా కాగితం లేని ఆడవాళ్లకు అప్పు పుట్టేది కాదు. 1992లో నాబార్డు పొదుపు సంఘాలను బ్యాంకులతో కలపడం మొదలుపెట్టింది. ఇక తాకట్టు అడగలేదు, మన పొదుపు, మన తీర్మానం పుస్తకం చూసి అప్పు ఇచ్చారు.

బ్యాంకు తరఫున ఊళ్లోనే డబ్బు ఇచ్చే మనుషులను పెట్టుకోవచ్చని 2006లో రిజర్వు బ్యాంకు ఒప్పుకుంది. ఇప్పుడు వేలిముద్ర వేసి మన ఊళ్లోనే డబ్బు తీసుకుంటున్నాం.

కానీ కలుపు తీసి, గిన్నెలు తోమి అరిగిపోయిన వేలిని మిషను గుర్తుపట్టదు. ఒక్కోరోజు సిగ్నల్ ఉండదు. పట్నంలో ఒక ఏటీఎం పనిచేయకపోతే పక్క వీధిలో ఇంకోటి ఉంటుంది. మనకు మళ్లీ మండలం బస్సే, మళ్లీ కూలి పోవడమే.

అందుకే మిషను పనిచేయని ప్రతి రోజునూ తేదీతో సంఘం పుస్తకంలో రాద్దాం. డబ్బు తీసుకున్నప్పుడల్లా రసీదు అడుగుదాం. ఆ పుస్తకం పట్టుకుని అందరం కలిసి మేనేజరు గారి దగ్గరికి పోదాం. ఒక్కరం అడిగితే రేపు రమ్మంటారు, సంఘంగా పోతే కూర్చోబెట్టి వింటారు.