తెగిన పోగు, ఆగిన మగ్గం

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. ఆ చప్పుడులో పుట్టి పెరిగిన చెవికి ఏ సాంచా సరిగ్గా ఆడుతోందో, ఏది తేడాగా కొట్టుకుంటోందో కంటితో చూడకముందే తెలుస్తుంది. పాత సాంచాకు ఒక గుణం ఉంది. పడుగులో పోగు తెగినా అది ఆగదు. తెగిన చోట సందు పడుతూనే ఉంటుంది, గుడ్డ గజాలకొద్దీ దిగుతూనే ఉంటుంది. కార్మికుడు చూసి, ఆపి, ముడి వేస్తేనే మళ్లీ సరైన నేత. నాలుగో ఎనిమిదో సాంచాల నడుమ అటూ ఇటూ తిరిగే మనిషి పన్నెండు గంటలూ చేసే పనిలో నేత తక్కువ, కాపలా ఎక్కువ.

ఈ కాపలా పనిని కూడా యంత్రానికే అప్పగించాలని జపాన్‌లో సకిచి టొయోడా పట్టుబట్టాడు. 1896లో ఆయన చేసిన మరమగ్గం పేక తెగితే తనంతట తానే ఆగేది. 1924లో వచ్చిన జి-టైపు మగ్గంలో పడుగుకూ ఆ ఏర్పాటు వచ్చింది. ప్రతి పోగుకూ సన్నని రేకు ఒకటి వేలాడుతుంది. పోగు బిగువుగా ఉన్నంతసేపూ రేకు పైనే. తెగితే కిందపడుతుంది, మగ్గం నిలిచిపోతుంది. ఆ హక్కులను 1929లో ఇంగ్లండ్‌లోని ప్లాట్ బ్రదర్స్ కంపెనీకి అమ్మారు. టొయోటా కార్ల తొలి ప్రయోగాలకు ఆ సొమ్ము అక్కరకొచ్చింది. మన దగ్గర మాత్రం సాదా మరమగ్గాలకు ఇలా ఆపే పరికరాలు బిగించేందుకు కేంద్రం సబ్సిడీ పథకం పెట్టేసరికి 2013 వచ్చింది.

మగ్గం కథ ఎందుకంటే, పాతికేళ్లుగా సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల పిల్లలు హైదరాబాద్ వెళ్లి చేస్తున్న ఒక ఉద్యోగం అచ్చంగా ఆ రేకును వేలాడదీసే పని. సాఫ్ట్‌వేర్‌లో దాని పేరు టెస్ట్ ఆటోమేషన్.

ఈ ఊళ్లకు వలస కొత్త కాదు. సిరిసిల్ల నేతన్నలు భీవండి, షోలాపూర్, సూరత్ దారి పట్టారు. అక్కడ వాడి వదిలేసిన సాంచాలే కొన్ని లారీలెక్కి ఇక్కడికి వచ్చాయి. సెస్ అని అందరూ పిలిచే సహకార విద్యుత్ సంఘం కరెంటుతో ఇల్లే కార్ఖానా అయింది. జగిత్యాల, కోరుట్ల వైపు మగవాళ్లు దుబాయి, మస్కట్, సౌదీ వెళ్తే ఆడవాళ్లు బీడీలు చుట్టి ఇల్లు నడిపారు. పసుపు, వరి ఉన్నా అప్పు అంతకంటే ముందుండేది. మూడో దారి హైదరాబాద్‌లోని అమీర్‌పేట. అక్కడ నేర్పిన సాఫ్ట్‌వేర్ పరీక్ష కథ మొదలైంది మాత్రం చాలా దూరంలో.

తప్పులు వెతకడమే పరీక్ష అన్న మాటను గ్లెన్‌ఫోర్డ్ మయర్స్ 1979లో ‘ది ఆర్ట్ ఆఫ్ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్’ పుస్తకంలో స్థిరపరిచాడు. అప్పటిదాకా ప్రోగ్రామ్ నడుస్తోందని చూపించడమే పరీక్షగా చెలామణి అయ్యేది. రెంటికీ చాలా తేడా ఉంది. పెళ్లిచూపుల్లో అబ్బాయి తరఫువాళ్లు చెప్పేది ఒకటి, అమ్మాయి మేనమామ ఊళ్లో విచారించి వచ్చేది ఒకటి. టెస్టర్ ఆ మేనమామ.

కానీ మేనమామ ఎన్నిసార్లు విచారిస్తాడు? సాఫ్ట్‌వేర్‌లో ఒక్క వరుస మార్చినా పాతవన్నీ మళ్లీ సరిచూడాలి. దీన్నే రిగ్రెషన్ అంటారు. అవే తెరలు, అవే బటన్లు, వందలసార్లు. ఈ విసుగును సొమ్ము చేసుకున్నది 1989లో మొదలైన మెర్క్యురీ ఇంటరాక్టివ్. తొంభైల నడుమ దాని విన్‌రన్నర్ వచ్చింది. మనిషి మౌస్‌తో చేసింది చూసి రాసుకుని, మళ్లీ మళ్లీ చేసి చూపేది. రికార్డు చెయ్, ప్లే చెయ్. టేప్‌రికార్డర్ తెలిసిన తరానికి ఇది క్షణంలో అర్థమైంది.

మోసం అక్కడే ఉంది. బటన్ పేరు మారితే, ఒక గడి పక్కకు జరిగితే, రికార్డు చేసిన స్క్రిప్టు గుడ్డిగా తడుముకుని పడిపోయేది. వంద స్క్రిప్టులు రికార్డు చేసినవాడు నెల తిరిగేసరికి వందనూ బాగుచేస్తూ కూర్చునేవాడు.

1998 నవంబరులో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ తెరుచుకుంది. మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం కూడా అదే ఏడు వచ్చింది. మన కథకు అంతకంటే దగ్గరివి మరో రెండు. 2001లో శశి రెడ్డి స్థాపించిన యాప్‌ల్యాబ్స్ పరీక్షనే ప్రధాన వ్యాపారంగా పెట్టుకుని హైదరాబాద్‌లో పెద్దదైంది; 2011లో అమెరికా సంస్థ సీఎస్‌సీ దాన్ని కొనేసింది. 1998లో చక్కిలం ఇన్ఫోటెక్‌గా మొదలైన సంస్థ తర్వాత సిగ్నిటి పేరుతో టెస్టింగ్ మీదే నిలబడింది. 2024లో మరో ఐటీ సంస్థ కోఫోర్జ్ చేతికి వెళ్లింది. ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం కూడా ఒక పరిశ్రమ అవుతుందని తెలుగు నేల మీద చూపించినవి ఇవి.

ఆ పరిశ్రమకు మనుషులను తయారుచేసి పంపింది అమీర్‌పేట. మైత్రివనం చుట్టుపక్కల గోడ కనిపించకుండా బోర్డులు: మాన్యువల్ టెస్టింగ్, విన్‌రన్నర్, లోడ్‌రన్నర్, క్యూటీపీ. జూబ్లీ బస్ స్టేషన్‌లో బస్సు దిగి, ఎస్సార్‌నగర్ హాస్టల్లో ముగ్గురితో గది పంచుకున్న కుర్రాడికి జావా, ఒరాకిల్, శాప్, టెస్టింగ్ అని దారులు నాలుగు కనిపించేవి. టెస్టింగ్ బోర్డు మీద ఒక మాట అదనంగా ఉండేది: కోడింగ్ అవసరం లేదు.

ఆ మాట ఎందరినో లాగింది. తెలుగు మీడియంలో చదివి, ఇంజనీరింగ్‌లో ఇంగ్లిషుతో కుస్తీపట్టి, ప్రోగ్రామ్ రాయమంటే చేతులు వణికినవాళ్లకు అది తలుపు తెరిచినట్టే ఉంది. 2007లో కొండగట్టు దగ్గర నాచుపల్లిలో జేఎన్టీయూ ఇంజనీరింగ్ కళాశాల పెట్టారు. 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక బీడీలు చుట్టే తల్లి, సాంచా నడిపే తండ్రి ఉన్న ఇంట్లోనూ బీటెక్ మాట మామూలైంది. పట్టాలు పెరిగినంత వేగంగా ఉద్యోగాలు పెరగలేదు. మధ్యలోని సందును అమీర్‌పేట నింపింది.

ఆ తలుపు సగమే తెరిచి ఉందని చాలామందికి లోపలికి వెళ్లాకే తెలిసింది. క్యూటీపీ అనే పరీక్ష పనిముట్టులోనూ వీబీస్క్రిప్టు భాషలో కోడ్ రాయక తప్పేది కాదు. దాని లైసెన్సు మామూలు మనిషి కొనే ధర కాదు. ఇన్‌స్టిట్యూట్‌లోని కంప్యూటర్ మీద నేర్చుకున్నది హాస్టల్‌కు వచ్చి సాధన చేసే వీలు చాలామందికి లేకపోయేది. పైగా ఉద్యోగం రావాలంటే అనుభవం, అనుభవం రావాలంటే ఉద్యోగం. ఈ చిక్కుముడి దగ్గరే రెండేళ్ల దొంగ అనుభవం కాగితాలు అమ్మే కన్సల్టెన్సీలు దుకాణం పెట్టాయి. విజిట్ వీసా చేతిలో పెట్టి కంపెనీ వీసా అని చెప్పిన గల్ఫ్ ఏజెంటును ఎరిగిన జగిత్యాల కుటుంబాలు, మెడలో ట్యాగు వేసుకున్న అదే రకం మనిషిని గుర్తుపట్టకపోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. పూర్వాపరాలు సరిచూసేందుకు ఐటీ కంపెనీల సంఘం నాస్కామ్ 2006లో నేషనల్ స్కిల్స్ రిజిస్ట్రీ మొదలుపెట్టింది. దొరికినవాళ్ల ఉద్యోగాలు పోయాయి. అమ్మినవాళ్లు బోర్డు మార్చుకున్నారు.

అసలు మలుపు వేరేచోట నుంచి వచ్చింది. 2004లో షికాగోలో థాట్‌వర్క్స్ ఉద్యోగి జేసన్ హగ్గిన్స్ తమ కంపెనీ లోపల వాడుకునే సమయం-ఖర్చుల లెక్కల వెబ్ అప్లికేషన్‌ను పరీక్షించలేక విసిగి, బ్రౌజర్‌ను నడిపించే చిన్న పనిముట్టు రాసుకున్నాడు. మెర్క్యురీ అంటే పాదరసం. పాదరసం విషానికి సెలీనియం విరుగుడని ఒక మాట ఉంది. ఆ హాస్యంతోనే దానికి సెలీనియం అని పేరు వచ్చింది. ఉచితంగా లోకానికి ఇచ్చేశారు. 2006లో హెచ్‌పీ దాదాపు 450 కోట్ల డాలర్లు పోసి మెర్క్యురీని కొన్నది. 2008లో విన్‌రన్నర్‌కు స్వస్తి పలుకుతున్నట్టు ప్రకటించింది. సైమన్ స్టివర్ట్ రాసిన వెబ్‌డ్రైవర్‌తో కలిసి 2011లో సెలీనియం 2 వచ్చేసరికి విరుగుడే మందుగా స్థిరపడింది.

దీని దెబ్బ, మేలు రెండూ మన పిల్లల మీదే పడ్డాయి. సెలీనియంతో పని చేయాలంటే జావా లాంటి భాష ఒకటి రావాలి. రికార్డు బటన్ నమ్ముకుని ఐదారేళ్లు గడిపినవాళ్లు మళ్లీ అమీర్‌పేట మెట్లెక్కారు. కొందరు ఎక్కలేక పక్కకు జరిగారు. మేలు ఏమిటంటే, లైసెన్సు అనే గోడ కూలింది. కోరుట్లలో ఇంటి వెనక గదిలో ఒక పాత ల్యాప్‌టాప్ ఉంటే చాలు, అమెరికా బ్యాంకులో వాడే పనిముట్టే చేతికందింది. ఈ వృత్తి చరిత్రలో మారుమూల ఊళ్లకు దక్కిన ఉపకారాల్లో దీన్ని మించినది నాకు కనిపించదు.

పనిలోని మెళకువ కూడా అప్పుడే బయటపడింది. తెర మీద ఒక గడిని ఎలా గుర్తుపట్టాలి? స్థానాన్ని బట్టి పట్టుకుంటే రేపు జరిగిపోతుంది. మారని గుర్తును వెతకాలి. పేజీ రాకముందే బటన్ నొక్కితే స్క్రిప్టు పడిపోతుంది; ఐదు సెకన్లు ఊరికే ఆగమని రాయడం కొత్తవాళ్ల అలవాటు, వేల చోట్ల రాస్తే రాత్రంతా నిద్రే. ఒకరోజు నెగ్గి, మరునాడు కారణం లేకుండా ఓడే పరీక్షను ‘ఫ్లేకీ’ అంటారు. అది రెండుమూడు సార్లు అబద్ధం చెప్పాక, నిజం చెప్పిన రోజున కూడా ఎవరూ వినరు. ఇలాంటి పరీక్షల్ని సకాలంలో తీసిపారేయగలిగినవాడే నా లెక్కలో పనిమంతుడు. ఎన్ని వేల స్క్రిప్టులు రాశానని చెప్పుకునేవాళ్లను చూస్తే, లోపం చూడకుండా గజాలు లెక్కగట్టే సేటు గుర్తొస్తాడు.

2014లో మైక్రోసాఫ్ట్ తన టెస్ట్ ఇంజనీర్ల కొలువులను చాలావరకు డెవలపర్ల కొలువుల్లో కలిపేసింది. రాసేవాడే పరీక్షించాలి, పరీక్షించేవాడు రాయగలగాలి అన్న గాలి హైదరాబాద్‌లోనూ వీచింది. 2018లో వెబ్‌డ్రైవర్ ప్రపంచ వెబ్ ప్రమాణమైంది. 2020 జనవరిలో మైక్రోసాఫ్ట్ అలాంటిదే కొత్త పనిముట్టు ప్లేరైట్‌ను విడుదల చేసింది. తొందరపడకుండా వేచి చూడటం దానికి ముందే నేర్పి పంపారు. రెండు నెలలకే లాక్‌డౌన్. ల్యాప్‌టాప్‌లతో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఇళ్లకు తిరిగొచ్చినవాళ్లలో టెస్టర్లు ఏం చేస్తారో ఇంట్లోవాళ్లు తొలిసారి కళ్లారా చూశారు. తెరలో బటన్లు వాటంతట అవే నొక్కుకుంటుంటే ‘మరి నువ్వేం చేస్తున్నవు బిడ్డా’ అని ఎన్ని ఇళ్లల్లో అడిగి ఉంటారో! కరీంనగర్‌లో ఐటీ టవర్ తెరుచుకున్నదీ ఆ ఏడాదే. 2021లో సిరిసిల్లకూ జేఎన్టీయూ ఇంజనీరింగ్ కళాశాల వచ్చింది.

ఇప్పుడు స్క్రిప్టు రాయడం కృత్రిమ మేధకు చిటికెలో పని. తెరను చూపించి పరీక్షలు రాయమంటే నలభై రాసిస్తుంది. కానీ కనిపించినదాన్నే సరైనదనుకునే అలవాటు దానికి ఉంది. మరమగ్గానికి ఇచ్చే రాయితీ కలవకుండా పూర్తి ధరతో కరెంటు బిల్లు వేసే ప్రోగ్రామ్ ఒకటి ఉందనుకోండి. ఆ మొత్తాన్నే రావలసిన జవాబుగా రాసుకుని పరీక్ష నెగ్గిందంటుంది. పొద్దున రిపోర్టు నిండా పచ్చ గుర్తులే. నెలనెలా ఆ బిల్లు పట్టుకుని నాన్న సేటుతో కూలి లెక్క తేల్చుకోవడం చూస్తూ పెరిగిన పిల్ల మాత్రం అంకె దగ్గర ఆగి, కుర్చీ ముందుకు జరుపుకుంటుంది.