ఇంటి తెరకు సినిమాను చేర్చిన పెట్టెలు: వీడియో ప్లేయర్ల అర్ధశతాబ్ది చరిత్ర

థియేటర్ కోసం తీసిన సినిమాను ఇంటి తెరపై, తీసినవారు ఉద్దేశించిన రూపానికి వీలైనంత దగ్గరగా చూడాలన్న కోరిక గత యాభై ఏళ్లలో అనేక యంత్రాలను పుట్టించింది. వీడియో క్యాసెట్ డెక్కుతో మొదలైన ఆ వరుస డిస్క్ ప్లేయర్ల మీదుగా నేడు టీవీ వెనుక ఇమిడిపోయే చిన్న స్టిక్ వరకు వచ్చింది. ఈ యంత్రాల చరిత్రను సాధారణంగా పిక్సెళ్ల లెక్కగా, అంటే తెరమీది బొమ్మను కూర్చే చుక్కల సంఖ్య తరతరానికీ పెరుగుతూ పోయిన కథగా చెబుతారు. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చయ్యేది ఆ అంకె ఒక్కటే కాబట్టి అలా చెప్పడం సహజమే. కాని ఏ తరం పెట్టెను పరిశీలించినా దాని నాణ్యతను తేల్చినవి వేరే రెండు విషయాలని తెలుస్తుంది: మూలంలో ఉన్న ఫ్రేములను, రంగులను, శబ్దాన్ని ఆ పెట్టె మార్చకుండా తెరకు అందించగలదా అన్నది ఒకటి, ఆ మూలానికి వేసిన తాళం ఎవరి చేతిలో ఉందన్నది రెండవది.

సోనీ సంస్థ 1975లో బీటామాక్స్‌ను, జేవీసీ 1976లో వీహెచ్‌ఎస్‌ను జపాన్‌లో విడుదల చేశాయి. బొమ్మ విషయంలో బీటామాక్స్‌దే కొంత పైచేయి అని నాటి నిపుణులు భావించినా, తొలి బీటామాక్స్ టేపులో గంటసేపటి వీడియోయే పట్టేది, వీహెచ్‌ఎస్‌లో మొదటినుంచీ రెండు గంటలు పట్టేది. పూర్తి సినిమా ఒకే క్యాసెట్‌లో ఇమడడం వీహెచ్‌ఎస్ విజయానికి ముఖ్య కారణాలలో ఒకటి. భారతదేశంలో 1982 ఆసియా క్రీడల సందర్భంగా దూరదర్శన్ రంగుల ప్రసారాలను ప్రారంభించడంతో కలర్ టీవీలకు, వాటి వెంట వీసీఆర్‌లకు గిరాకీ పెరిగింది. సొంతంగా వీసీఆర్ కొనే స్తోమత లేని కుటుంబాలు పండుగకో పెళ్లికో టీవీని, డెక్కును, క్యాసెట్లను కలిపి ఒక రాత్రికి అద్దెకు తెచ్చుకోవడం తెలుగు ఊళ్లలో మామూలు విషయమైంది. వీహెచ్‌ఎస్ బొమ్మ అడ్డంగా సుమారు 240 గీతల స్పష్టతకు మించదు. పైగా అద్దె క్యాసెట్లలో అధికభాగం నకలుకు నకలు కావడం వల్ల, ప్రతి నకలుతోనూ రంగు మసకబారి అంచులు చెదిరి, ప్రేక్షకుడికి చివరకు అందేది మూలచిత్రపు నీడ మాత్రమే.

ఇదే కాలంలో అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి మరో అడ్డంకి ఎదురైంది. భారతదేశం, ఐరోపాలో అధికభాగం అనుసరించిన పాల్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు ఉండగా, అమెరికా, జపాన్ అనుసరించిన ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో సెకనుకు దాదాపు 30 ఉండేవి; అందువల్ల స్వదేశం నుంచి తీసుకువెళ్లిన పెళ్లి క్యాసెట్ అక్కడి మామూలు వీసీఆర్‌లో ఆడేది కాదు. రెండు పద్ధతులనూ చదవగల ‘మల్టీసిస్టమ్’ వీసీఆర్ కొనుక్కోవడమో, రుసుము చెల్లించి క్యాసెట్‌ను మార్పించుకోవడమో తప్పేది కాదు. ఏ పెట్టె కొనాలన్న ప్రశ్నకు ‘మన దగ్గర ఉన్నదాన్ని ఇది చదవగలదా’ అన్న కొలతబద్ద స్థిరపడింది ఇటువంటి అవసరాల నుంచే.

1993లో ప్రమాణంగా రూపొందిన వీడియో సీడీ, అంటే వీసీడీ, పాశ్చాత్య దేశాలలో పెద్దగా నిలవలేదు కాని ఆసియా అంతటా పాతుకుపోయింది. పాల్ దేశాలలో దాని బొమ్మ 352 అడ్డం, 288 నిలువు పిక్సెళ్లు మాత్రమే; ఒక్కో డిస్క్‌లో 74 నిమిషాలు పట్టేది కాబట్టి రెండున్నర గంటల తెలుగు సినిమాకు రెండు, ఒక్కోసారి మూడు డిస్క్‌లు కావలసి వచ్చేవి. టేపులా అరగకపోవడం, చవకగా అచ్చు వేయగలగడం దాని బలాలు. 1996 చివర జపాన్‌లో, 1997లో అమెరికాలో వచ్చిన డీవీడీ ఒక పొరలోనే 4.7 గిగాబైట్లను నిలుపుకొని, 720 బై 576 పిక్సెళ్ల బొమ్మను, అయిదు దిక్కుల స్పీకర్లకు వేర్వేరుగా శబ్దాన్ని అందించింది. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ సంస్థ సినిమా వీసీడీలను 28 రూపాయలకు, డీవీడీలను 34 రూపాయలకు అమ్మకానికి పెట్టడంతో, అసలైన డిస్క్ ధర దొంగ నకలు ధరకు దగ్గరగా వచ్చింది. ఇంటి వీడియో చరిత్రలో ఈ ఘట్టానికి దక్కవలసినంత గుర్తింపు దక్కలేదు. నాణ్యమైన ప్రతిని న్యాయంగా కొనుక్కునే అవకాశం సామాన్య తెలుగు కుటుంబానికి విస్తృతంగా అందింది అప్పుడే.

డీవీడీతోపాటే తాళమూ వచ్చింది. ప్రపంచాన్ని భాగాలుగా విడదీసిన రీజియన్ సంఖ్యలలో భారతదేశానికి 5 దక్కగా, అమెరికాకు 1 దక్కింది. ఒక రీజియన్ డిస్క్‌ను మరో రీజియన్ ప్లేయర్ నిరాకరించేది. డిస్క్‌లోని సమాచారాన్ని సీఎస్‌ఎస్ అనే గూఢలిపి పద్ధతి కప్పి ఉంచేది. 1999లో నార్వే యువకుడు యోన్ లెక్ యోహాన్‌సెన్ పేరుతో వెలువడిన డీసీఎస్‌ఎస్ అనే ప్రోగ్రామ్ ఆ గూఢలిపిని విప్పింది. అతనిపై పెట్టిన కేసును నార్వే న్యాయస్థానాలు 2003లో కొట్టివేశాయి. సొంతంగా కొన్న డిస్క్‌ను సొంత యంత్రంలో చూసే హక్కు ఎవరిదన్న వాదం అక్కడితో ముగియలేదు. పెట్టెల తదుపరి చరిత్ర అంతా ఆ వాదం చుట్టూ తిరిగింది.

డిస్క్‌లోంచి సినిమాను ఫైలుగా మార్చి హార్డ్ డిస్క్‌లో దాచుకునే అలవాటు డివెక్స్, ఎక్స్‌విడ్ వంటి కుదింపు పద్ధతులతో వ్యాపించింది. కుదింపు అంటే వరుస ఫ్రేములలో మారని భాగాలను మళ్లీ మళ్లీ రాయకుండా, మారిన భాగాలను మాత్రమే నమోదు చేసి ఫైలు పరిమాణాన్ని తగ్గించడం. ఆ ఫైళ్లను కంప్యూటర్ ముందు కుర్చీలో కాక హాల్లోని టీవీలో చూడాలనుకున్న ఔత్సాహికులు 2002లో మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ ఆటల యంత్రం కోసం ఒక ప్లేయర్‌ను రాశారు. అదే ఎక్స్‌బాక్స్ మీడియా సెంటర్‌గా ఎదిగి, ఆ యంత్రాన్ని వదిలి ఇతర కంప్యూటర్లకు పాకి, 2014లో కోడి అనే పేరు తెచ్చుకుంది. దాని శాఖగా 2008లో ప్లెక్స్ విడిపోయింది. జీతం లేకుండా, సోర్స్ కోడ్‌ను అందరికీ తెరచి ఉంచి పనిచేసిన కోడి బృందానికి నేటి ప్రతి మీడియా పెట్టె రుణపడి ఉంది; పోస్టర్లను, కథాసారాన్ని, నటుల పేర్లను తనంతట తానే తెచ్చి గ్రంథాలయంలా అమర్చే ఇంటర్‌ఫేస్‌ను విస్తృతంగా ప్రచారంలోకి తెచ్చింది వారే.

2003లో ప్రమాణమైన హెచ్.264 కుదింపు, 2006లో వచ్చిన బ్లూరే డిస్క్ కలిసి సమస్యను మరింత కఠినం చేశాయి. 1920 బై 1080 పిక్సెళ్ల బొమ్మను సెకనుకు 40 మెగాబిట్ల వరకు వేగంతో విప్పడం ఆనాటి చాలా కంప్యూటర్లకు తలకు మించిన భారం. అన్ని పనులూ చేసే ప్రాసెసర్‌కు ఆ భారం అప్పగించకుండా, వీడియోను విప్పడం తప్ప మరో పని ఎరుగని ప్రత్యేక చిప్‌ను పెట్టడమే దీనికి పరిష్కారమని గుర్తించిన సంస్థలలో సయాబాస్ ఒకటి. సిగ్మా డిజైన్స్ చిప్‌తో అది తయారుచేసిన పాప్‌కార్న్ అవర్ ఏ-100 2008 నాటికి ఔత్సాహికుల చేతికి అందింది. అదే ఏడాది వెస్టర్న్ డిజిటల్ తెచ్చిన డబ్ల్యూడీ టీవీ మరింత చవకగా, యూఎస్‌బీ డిస్క్ తగిలిస్తే చాలన్నంత సులువుగా ఉండి ఈ ఆలోచనను సామాన్యుల ఇళ్లకు చేర్చింది. ఆ పెట్టెల రూపం ముతకది, మెనూలు నిదానం, అయినా ఫైలులో ఉన్నది ఉన్నట్టు తెరకు పంపడంలో నేటి ఖరీదైన పెట్టెలు కొన్నిటికంటే అవే నిజాయితీగా ఉండేవనడం అతిశయోక్తి కాదు.

ఆ నిజాయితీకి గీటురాయి ఫ్రేముల వేగం. సినిమాను సెకనుకు 24 ఫ్రేముల చొప్పున తీస్తారు. పాల్ టీవీలో దానిని 25గా నడిపించడం వల్ల 150 నిమిషాల సినిమా 144 నిమిషాలలోనే ముగిసేది, సరిదిద్దకపోతే నటుల గొంతులు కొద్దిగా సన్నగా వినిపించేవి. సెకనుకు 60 సార్లు మారే తెరమీద 24 ఫ్రేములను సమంగా పంచడం సాధ్యం కాదు కాబట్టి ఒక ఫ్రేమును రెండుసార్లు, తరువాతి దానిని మూడుసార్లు చూపవలసి వస్తుంది. కెమెరా నెమ్మదిగా ఒక పక్కకు తిరిగే దృశ్యంలో ఈ అసమానత సన్నని కుదుపుగా కంటికి తగులుతుంది. తెరనే సెకనుకు 24 సార్లు మారేలా పెట్టె ఆజ్ఞాపించగలిగితే ఆ కుదుపు పోతుంది, కాని అక్కడా ఒక సూక్ష్మం ఉంది. డిస్క్‌లలోని సినిమాలలో చాలావాటి అసలు వేగం 24 కాదు, 23.976. ఈ రెండిటినీ ఒకటిగా భావించిన పెట్టెలో సుమారు 42 సెకన్లకు ఒక ఫ్రేము తేడా పేరుకుని బొమ్మ ఒక్క క్షణం తొట్రుపడుతుంది. 2011లో వచ్చిన ఇంటెల్ శాండీ బ్రిడ్జ్ ప్రాసెసర్లను ఇంటి థియేటర్ కంప్యూటర్లకు అనర్హమని చాలామంది తోసిపుచ్చడానికి ఈ లోపమే కారణం. ఇంత చిన్న తేడాను పట్టించుకోవడం చాదస్తం కాదు. ఛాయాగ్రాహకుడు కెమెరా కదలికకు ఎంచుకున్న లయ చెడిపోతే, ఎన్ని పిక్సెళ్లు చేర్చినా ఆ లయ తిరిగి రాదు.

ఇంతలో మూలమే ఇంటి బయటకు తరలిపోయింది. 2007 జనవరిలో నెట్‌ఫ్లిక్స్ ఇంటర్నెట్ ద్వారా సినిమాలు చూపడం ప్రారంభించింది. అదే ఏడాది ఆపిల్ టీవీ, మరుసటి ఏడాది 99 డాలర్లకు రోకు, 2013లో 35 డాలర్లకు క్రోమ్‌కాస్ట్, 2014లో అమెజాన్ ఫైర్ టీవీ వచ్చాయి. భారతదేశంలో నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ వీడియో రెండూ 2016లో, మొదట తెలుగుకే అంకితమైన ఆహా 2020లో అడుగుపెట్టాయి. అయితే విదేశాల్లోని తెలుగువారికి ఇంటర్నెట్ ద్వారా టీవీని అందించే ప్రయత్నం వీటికంటే ముందుది. ఉదయ్ రెడ్డి 2006లో స్థాపించిన యప్ టీవీ ఆ అవసరం నుంచే ఎదిగింది. స్వదేశంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2017 డిసెంబర్‌లో ప్రారంభించిన ఫైబర్ నెట్ పథకం, నెలకు 149 రూపాయల ప్రారంభ రుసుముతో ఇంటర్నెట్, టీవీ, ఫోన్ సేవలను కలిపి ఒక పెట్టె ద్వారా పల్లెలకు చేర్చే పని తలపెట్టింది.

ఈ దశలో తాళం మళ్లీ ముందుకొచ్చింది, ఈసారి కంటికి కనిపించకుండా. గూగుల్ 2010లో కొనుగోలు చేసిన వైడ్‌వైన్ అనే రక్షణ పద్ధతిలో స్థాయిలు ఉన్నాయి: గూఢలిపిని విప్పే పని, బొమ్మను సిద్ధం చేసే పని రెండూ చిప్‌లోని రక్షిత భాగంలో జరిగితే అది ఎల్1, ఆ పని సాఫ్ట్‌వేర్‌లోనే జరిగితే అది ఎల్3. అట్టపెట్టె మీద 4కె అని అచ్చు వేసుకున్న చవక ఆండ్రాయిడ్ పెట్టెలు ఎన్నో ఎల్3 దగ్గరే ఆగిపోవడం వల్ల, సొంత ఫైళ్లను 4కెలో ఆడించగలిగినా నెట్‌ఫ్లిక్స్ వంటి సేవలలో డీవీడీ స్థాయి బొమ్మకే పరిమితమయ్యాయి. పెట్టెకు, టీవీకి మధ్య కేబుల్‌లోనూ హెచ్‌డీసీపీ అనే మరో తాళం ఉంది. 4కె సినిమాకు దాని 2.2 రూపం కావాలి, మధ్యలోని ఆంప్లిఫయర్ పాతదైతే స్పష్టత పడిపోతుంది లేదా తెర చీకటిగా ఉండిపోతుంది. తాళం తెరుచుకున్నా వేగపు పరిమితి మిగిలే ఉంటుంది: 4కె కోసం నెట్‌ఫ్లిక్స్ సూచించే ఇంటర్నెట్ వేగం సెకనుకు 15 మెగాబిట్లు కాగా, 2016లో వచ్చిన 4కె బ్లూరే డిస్క్ 128 వరకు అందించగలదు. ఆన్‌లైన్ సినిమాలోని పొగ, వాన, చీకటి దృశ్యాలు గళ్లుగళ్లుగా విడిపోవడానికి కారణం ఈ తేడాయే. సినిమా ఫైళ్లను ఇంటిలోనే దాచుకునేవారు నేటికీ ఉండడానికి కారణం కూడా ఇదే.

ఆ రెండు లోకాలనూ ఒకే పెట్టెలో కలిపే ప్రయత్నాలలో 2015లో వచ్చిన ఎన్విడియా షీల్డ్‌కు ప్రత్యేక స్థానం ఉంది. అది నెట్‌ఫ్లిక్స్‌ను 4కెలో చూపడంతోపాటు, బ్లూరే నుంచి తీసిన ఫైలులోని డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్ శబ్దాన్ని విప్పకుండా యథాతథంగా ఆంప్లిఫయర్‌కు పంపేది. 2022 ఆరంభంలో, అంటే ఏడేళ్ల తరువాత, తొలి నమూనాకు సైతం కొత్త ఆండ్రాయిడ్ రూపం అందింది. 2017 సెప్టెంబర్‌లో విడుదలైన ఆపిల్ టీవీ 4కె ఎదురు దిశ నుంచి పాఠం నేర్చుకుంది. మొదట అది ఏ సినిమానైనా ఒకే వేగానికి, ఒకే రంగుల పరిధికి మార్చి పంపేది. పాత సినిమాలు సైతం హెచ్‌డీఆర్ అనే విస్తృత వెలుగు పరిధిలోకి బలవంతంగా మారి కృత్రిమంగా కనిపించాయి. ప్రేక్షకుల అభ్యంతరాల తరువాత అదే ఏడాది డిసెంబర్‌లో వచ్చిన 11.2 నవీకరణ, మూలంలోని వేగాన్ని, పరిధిని యథాతథంగా అనుసరించే సౌకర్యాన్ని చేర్చింది.

ప్రత్యేక చిప్ పెట్టెకు బలం ఇచ్చినట్టే ఆయుష్షును కూడా నిర్ణయిస్తుంది, ఎందుకంటే తయారీనాటికి చిప్‌లో లేని కుదింపు పద్ధతిని తరువాత సాఫ్ట్‌వేర్‌తో సమర్థంగా చేర్చడం చాలావరకు సాధ్యం కాదు. 2018లో విడుదలై, ప్రమాణాన్ని వాడుకోవడానికి రుసుము అవసరం లేని పద్ధతిగా యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్ రెండూ చేపట్టిన ఏవీ1 విషయంలో ఇదే జరిగింది. ఔత్సాహికులు అత్యుత్తమమని ఎంచిన షీల్డ్‌లో గాని, 2022 నాటి ఆపిల్ టీవీ 4కెలో గాని ఏవీ1ను విప్పే సర్క్యూట్ లేదు. వాటి ధరలో కొద్ది భాగానికే అమ్ముడైన 2021 నాటి ఫైర్ టీవీ స్టిక్ 4కె మ్యాక్స్‌లో ఉంది.