మ్యాక్ కంప్యూటర్‌పై విండోస్ పటనిర్మాణ సాఫ్ట్‌వేర్: ఒక చరిత్ర

చరిత్ర విద్యార్థికి పటం కూడా ఒక ఆధారమేనని ఇంతకుముందు పాఠంలో చదివారు. శాసనాన్ని, కైఫీయతును, రెవెన్యూ రికార్డును పరిశీలించినట్లే పటాన్నీ పరిశీలించాలి. ఎవరు తయారుచేశారు? ఎవరి అవసరం కోసం? ఏ పరికరంతో? ఈ పాఠంలో మూడో ప్రశ్నను మన కాలపు పటాలకు వేసి చూద్దాం. లాంబ్టన్ కాలంలో ఆ పరికరం థియొడొలైట్. ఇప్పుడు కంప్యూటర్, దానిలో పనిచేసే భౌగోళిక సమాచార వ్యవస్థ, అంటే మనం వాడుకగా జి.ఐ.ఎస్. అనే సాఫ్ట్‌వేర్.

కొన్నేళ్ల కిందట మా దగ్గర ఎం.ఏ. చేసి పైచదువుకు అమెరికా వెళ్లిన ఒక అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, ఇక్కడ నాకు మ్యాక్ ఇచ్చారు. మన చెరువుల పటం తెరుచుకోవడం లేదు" అంది. వరంగల్ ప్రాంతపు గొలుసుకట్టు చెరువులపై మేం తయారుచేసుకున్న పటం అది. "విండోస్ కంప్యూటర్ దొరకదా అమ్మా?" అని అడిగాను. ఆ క్షణంలో అదే సరైన సమాధానం అనిపించింది. కానీ ఆ పటం మ్యాక్‌పై ఎందుకు తెరుచుకోదు అన్నది యంత్రానికి సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదనీ, దాని వెనుక ముప్పై ఏళ్ల చరిత్ర ఉందనీ తరువాత తెలుసుకున్నాను.

మ్యాక్‌పై పటాలు గీసిన కాలం

పటనిర్మాణ సాఫ్ట్‌వేర్ మొదటి నుంచీ విండోస్‌దే అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఈ రంగంలో పెద్ద సంస్థ అయిన ఎస్రీని జాక్, లారా డేంజర్మాండ్ దంపతులు 1969లో కాలిఫోర్నియాలోని రెడ్‌లాండ్స్‌లో స్థాపించారు. 1982లో ఆ సంస్థ విడుదల చేసిన ఆర్క్‌ఇన్ఫో మొదట మినీ కంప్యూటర్లపై నడిచింది. అప్పటికి విండోస్ లేదు, మ్యాక్ కూడా లేదు. యాపిల్ సంస్థ మ్యాకింటోష్‌ను 1984 జనవరిలో విడుదల చేసింది.

1990లలో ఎస్రీ ఆర్క్‌వ్యూ అనే తేలికపాటి ప్యాకేజీని తెచ్చింది. మెనూలు, బొత్తాలతో పనిచేసే ఈ ప్యాకేజీ జి.ఐ.ఎస్.ను నిపుణుల గది నుంచి సాధారణ కార్యాలయపు బల్ల మీదకు తెచ్చిందనడం అతిశయోక్తి కాదు. ఆర్క్‌వ్యూ యూనిక్స్‌పై, విండోస్‌పై, మ్యాక్‌పై కూడా నడిచేది. మరో ప్రసిద్ధ ప్యాకేజీ మ్యాప్‌ఇన్ఫోకు కూడా ఆ రోజుల్లో మ్యాక్ రూపం ఉండేది. వేర్వేరు యంత్రాలపై ఒకే తీరుగా కిటికీలను, మెనూలను గీసిపెట్టే పొర ఒకటి ఆర్క్‌వ్యూకు అడుగున ఉండేది. పైనున్న ప్రోగ్రాం ఆ పొరతోనే మాట్లాడేది. కింద ఏ యంత్రం ఉందో దానికి పెద్దగా పట్టేది కాదు.

3.0 తరం తరువాత ఆర్క్‌వ్యూకు మ్యాక్ రూపం రాలేదు. దీనికి కారణం ఊహించడం కష్టం కాదు. అప్పటికి యాపిల్ దివాలా అంచున ఉంది. 1997 ఆగస్టులో పోటీదారైన మైక్రోసాఫ్ట్ నుంచే 15 కోట్ల డాలర్ల పెట్టుబడి తీసుకోవలసి వచ్చింది. కొనేవారు తగ్గిపోతున్న యంత్రం కోసం ఖరీదైన సాఫ్ట్‌వేర్‌ను తిరగరాయడం ఏ వ్యాపారికీ గిట్టుబాటు కాదు.

1999 నాటి నిర్ణయం

అసలు మలుపు 1999 డిసెంబరులో వచ్చింది. ఎస్రీ తన సాఫ్ట్‌వేర్‌ను మొదటి నుంచి కొత్తగా రాసి ఆర్క్‌ఇన్ఫో 8గా విడుదల చేసింది. మనకు తెలిసిన ఆర్క్‌మ్యాప్ అందులోనిదే. 2001లో ఈ కుటుంబమంతా ఆర్క్‌జి.ఐ.ఎస్. అనే పేరు కిందికి వచ్చింది. ఈ కొత్త కట్టడానికి పునాదిగా మైక్రోసాఫ్ట్ వారి కాంపొనెంట్ ఆబ్జెక్ట్ మోడల్‌ను ఎంచుకున్నారు. దీన్ని సంక్షిప్తంగా కామ్ అంటారు. ప్రోగ్రాంలోని విడి భాగాలు పరస్పరం పిలుచుకోవడానికి విండోస్ కల్పించే ఏర్పాటు ఇది. పటంలోని ప్రతి పొర, ప్రతి గుర్తు, ప్రతి బొత్తం కామ్ వస్తువుగా మారింది.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. అంతకుముందు విండోస్ అనేది ఆర్క్‌వ్యూ అద్దెకున్న ఇళ్లలో ఒకటి. ఇప్పుడు అదే ఇంటి పునాది అయింది. అద్దె ఇల్లు మారవచ్చు కానీ పునాదిని మోసుకుపోలేం. ఈ నిర్ణయాన్ని తప్పు అనడానికి నేను సిద్ధంగా లేను. ఆనాటి బల్లమీది కంప్యూటర్లలో పదింటికి తొమ్మిదికి పైగా విండోస్‌వే. కామ్ వల్ల ఇతరులు తమ సొంత పరికరాలను ఆర్క్‌మ్యాప్‌కు అతికించుకోగలిగారు. అయితే దాని ఫలితం పాతికేళ్లు దాటినా తొలగలేదు. 2015 జనవరిలో వచ్చిన ఆర్క్‌జి.ఐ.ఎస్. ప్రో కామ్‌ను వదిలి మైక్రోసాఫ్ట్‌దే అయిన డాట్‌నెట్‌పై నిలబడింది. అంటే పునాది కొత్తదే అయినా స్థలం మాత్రం మారలేదు.

ద్విభాషి పద్ధతి

మ్యాక్ ఉన్నవారు ఊరుకోలేదు. వారి ప్రయత్నాలను అర్థం చేసుకోవాలంటే ఒక విషయం తెలియాలి. ప్రతి ప్రాసెసర్‌కూ తనదైన ఆదేశాల భాష ఉంటుంది. విండోస్ ఇంటెల్ భాషలో రాసినది. మ్యాక్‌లలో మొదట మోటరోలా ప్రాసెసర్లు, 1994 నుంచి పవర్‌పీసీ ప్రాసెసర్లు ఉండేవి. ఆ యంత్రాలకు ఇంటెల్ భాష రాదు.

కాబట్టి మధ్యలో ఒక ద్విభాషి కావాలి. పటాల కోసం, చారిత్రక ఆధారాల కోసం మన ప్రాంతమంతా తిరిగిన కాలిన్ మెకంజీకి కావలి బొర్రయ్య వంటి వారు ఎంత అవసరమయ్యారో మీకు గుర్తుండే ఉంటుంది. ప్రతి మాటనూ విని, తర్జుమా చేసి చెప్పే ఈ పనిని కంప్యూటర్ పరిభాషలో ఎమ్యులేషన్ అంటారు. 1980ల చివర్లో సాఫ్ట్‌పీసీ, 1997లో కనెక్టిక్స్ సంస్థ తెచ్చిన వర్చువల్ పీసీ మ్యాక్‌పై ఈ పనే చేశాయి. ఒక ఉత్తరం రాసుకోవడానికి అవి చాలు. పటం విషయం వేరు. వేల గీతలున్న ఒక జిల్లా పటాన్ని తెరపై కాస్త జరిపితే చాలు, ప్రతి గీతనూ మళ్లీ లెక్కకట్టి గీయాలి. ఆ లెక్కలో ప్రతి ఆదేశమూ తర్జుమా కావాలి. బొమ్మ కదిలేలోపు టీ తాగి రావచ్చు.

ద్విభాషికి ఇంకో బలహీనత కూడా ఉంది. 2003లో యాపిల్ జి5 ప్రాసెసర్‌తో కొత్త మ్యాక్ తెచ్చింది. పాత పవర్‌పీసీలలో సంఖ్యలను ఇంటెల్ వరుసలో చదివే ఒక సౌకర్యం ఉండేది. వర్చువల్ పీసీ దానిపైనే ఆధారపడింది. జి5లో ఆ సౌకర్యం లేదు. ఫలితంగా అన్నిటికంటే వేగవంతమైన మ్యాక్ కొన్నవారే విండోస్‌ను నడపలేకపోయారు. దీన్ని సరిదిద్దిన వర్చువల్ పీసీ 7 వచ్చేసరికి 2004 అయింది. ఆలోపే ఆ ఉత్పత్తి మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లింది.

ఒకే భాష మాట్లాడిన పద్నాలుగేళ్లు

2005 జూన్‌లో యాపిల్ తన యంత్రాలను ఇంటెల్ ప్రాసెసర్లకు మారుస్తున్నట్లు ప్రకటించింది. 2006 జనవరిలో మొదటి ఇంటెల్ మ్యాక్‌లు వచ్చాయి. ద్విభాషి అవసరం ఒక్కసారిగా తీరిపోయింది. ఆ యంత్రంపై విండోస్ ఎక్స్‌పీని నడిపి చూపినవారికి అభిమానులు చందాలు వేసుకుని 13 వేల డాలర్లకు పైగా బహుమతి పోగుచేశారు. మార్చిలోనే అది సాధ్యమైంది. ఏప్రిల్ మొదటి వారంలో యాపిల్ తానే బూట్ క్యాంప్ అనే ఏర్పాటు విడుదల చేసింది. దానితో డిస్కును రెండు భాగాలు చేసి, యంత్రాన్ని ఆన్ చేసేటప్పుడు మ్యాక్ కావాలో విండోస్ కావాలో ఎంచుకోవచ్చు. విండోస్ ఎంచుకుంటే అది పూర్తిగా విండోస్ కంప్యూటరే. ఆర్క్‌మ్యాప్‌కు తేడా తెలియదు.

అదే సంవత్సరం జూన్‌లో పారలల్స్, 2007లో వీఎంవేర్ ఫ్యూజన్ వచ్చాయి. ఇవి మ్యాక్ నడుస్తుండగానే దానిలో ఒక కిటికీగా విండోస్‌ను నడుపుతాయి. వీటిని వర్చువల్ మెషీన్లు అంటారు. ఇందులో తర్జుమా లేదు, వాటా పంపకం మాత్రమే ఉంది. ఆ పంపకంలోనే చిక్కు ఉంది. ఆర్క్‌జి.ఐ.ఎస్. ప్రోకు చాలాకాలం కనీస అవసరంగా చెప్పిన మెమరీ 8 జీబీ. మ్యాక్‌లో ఉన్నదే 8 జీబీ అయితే విండోస్‌కు సగం ఇచ్చినా రెండు వ్యవస్థలూ అర్ధాకలితో ఉంటాయి. పైగా మ్యాక్‌కు ఒక ధర, విండోస్ లైసెన్సుకు ఒక ధర, మధ్యలో నిలిచిన సాఫ్ట్‌వేర్‌కు మరొక ధర. మా విద్యార్థిని చివరికి బూట్ క్యాంపే ఎంచుకుంది.

1993లో మొదలైన వైన్ అనే మూడో మార్గం కూడా ఉంది. ఇది విండోస్‌ను పెట్టదు. విండోస్ చేసిపెట్టే పనులను తానే చేసిపెడుతుంది. చిన్న ప్రోగ్రాములకు బాగుంటుంది. వందల భాగాలతో విండోస్‌లో అల్లుకుపోయిన జి.ఐ.ఎస్. ప్యాకేజీలకు ఇది నమ్మదగిన మార్గమని నేను అనను.

2020 తరువాత

2020 నవంబరులో యాపిల్ తన సొంత ఎం1 ప్రాసెసర్‌తో మ్యాక్‌లు విడుదల చేసింది. వీటి భాష ఆర్మ్ కుటుంబానిది. వీటిపై బూట్ క్యాంప్ లేదు. ఆర్మ్ కోసం తయారైన విండోస్ 11ను పారలల్స్‌లో నడపవచ్చు. 2023 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ దీనికి అధికారిక ఆమోదం తెలిపింది. కానీ ఆ విండోస్ లోపల ఇంటెల్ భాషలోని పాత ప్రోగ్రాం నడవాలంటే విండోస్ తానే దాన్ని తర్జుమా చేయాలి. అంటే ద్విభాషి తిరిగి వచ్చాడు. ఈసారి చురుకైనవాడే, అయినా ద్విభాషే. 2025 జూన్‌లో యాపిల్ ఇంకో మాట చెప్పింది: ఆ ఏడాది వచ్చే టాహోయే ఇంటెల్ మ్యాక్‌లకు చివరి వ్యవస్థ. దీనితో బూట్ క్యాంప్ శకానికి కూడా ముగింపు కనబడింది.

ఈ కథలో ప్రతి మార్గాన్నీ మూసింది పటకర్తలు కాదు. ఒకసారి ప్రాసెసర్ మారింది, ఒకసారి యజమాని మారాడు. పటం గీసేవారికి ఆ నిర్ణయాల్లో పాత్ర లేదు. మీ పరిశోధన మూడేళ్లు సాగేదైతే మీరు ఈ సంగతిని లెక్కలోకి తీసుకోవాలి.

పునాదిని మార్చుకోని సాఫ్ట్‌వేర్

ఇదే కాలంలో వేరొక ధోరణి కూడా సాగింది. అమెరికా సైన్యపు ఇంజనీర్ల పరిశోధనశాలలో 1982లో మొదలైన గ్రాస్ యూనిక్స్‌పై పెరిగింది. 2001లో మ్యాక్ వ్యవస్థే యూనిక్స్ వంశంలో చేరడంతో గ్రాస్‌కు అది బంధువుల ఇల్లయింది. 2002లో గ్యారీ షెర్మన్ ప్రారంభించిన క్యూజి.ఐ.ఎస్. క్యూటీ అనే పొరపై నిలబడింది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిపైనా కిటికీలను గీసిపెట్టే పొర అది. పాత ఆర్క్‌వ్యూ అడుగున ఉన్న ఏర్పాటును పోలినదే. 2009లో దీని 1.0 రూపం వచ్చింది. ఇది ఉచితం కాబట్టి దూరవిద్య విద్యార్థులకు నేను మొదట చెప్పేది దీని గురించే. అయితే మీ విభాగం ఆర్క్‌జి.ఐ.ఎస్. ప్రోలోనే అభ్యాసాలు అడిగితే తప్పించుకోలేరు. అప్పుడు విశ్వవిద్యాలయంలోని విండోస్ యంత్రానికి దూరం నుంచి అనుసంధానమై పనిచేయడం, మ్యాక్‌లో విండోస్ పెట్టుకోవడం కంటే చాలాసార్లు మేలు.

పెట్టె సంగతి కాదు, ఫైలు సంగతి

మళ్లీ ఆ ఫోన్ దగ్గరకు వద్దాం. బూట్ క్యాంప్ పెట్టాక కూడా పటం సరిగా తెరుచుకోలేదు. తప్పు నాదే. ఆమెకు నేను పంపింది ఒక్క ఫైలు. షేప్‌ఫైల్ అనే రూపం పేరుకు ఒకటే అయినా నిజానికి కనీసం మూడు ఫైళ్ల గుంపు. ఆకారాలు ఒకదానిలో, వాటి సూచిక ఒకదానిలో, చెరువుల పేర్ల పట్టిక మూడోదానిలో ఉంటాయి. నేను మొదటిది మాత్రమే పంపాను. మిగతావి పంపాక గీతలు, పట్టిక వచ్చాయి కానీ తెలుగు పేర్ల స్థానంలో ఏవేవో గుర్తులు కనిపించాయి. యూనికోడ్ కాని ఫాంటులో టైప్ చేసిన పేర్లు అవి. ఆ ఫాంటు ఉన్న మా గదిలోని కంప్యూటర్‌పైనే అవి తెలుగు.

యూనికోడ్‌లో రాసినా షేప్‌ఫైల్‌తో ఇబ్బందే. దాని పట్టికలో నిలువు వరుస పేరుకు పది బైట్లే చోటు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది. 'చెరువు' అనే మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు కలిపి ఆరు సంకేతాలు, అంటే 18 బైట్లు. మన మాట ఆ గడిలో పట్టదు. 2014లో ప్రమాణంగా వచ్చిన జియోప్యాకేజ్‌లో ఈ పరిమితి లేదు. అంతా ఒకే ఫైలులో ఉంటుంది, విండోస్‌పైనా మ్యాక్‌పైనా ఒకే తీరుగా తెరుచుకుంటుంది.

షేప్‌ఫైల్ నిర్మాణాన్ని ఎస్రీ 1998లో బహిరంగంగా ప్రచురించింది. అందువల్లనే ఎవరైనా దాన్ని చదివే ప్రోగ్రాం రాయగలిగారు. దీనికి భిన్నంగా ఆర్క్‌మ్యాప్ కాలంలో చాలామంది వాడిన పర్సనల్ జియోడేటాబేస్ మైక్రోసాఫ్ట్ యాక్సెస్ రూపంలో ఉంటుంది. అదే సంస్థ తరువాత తెచ్చిన ఆర్క్‌జి.ఐ.ఎస్. ప్రో దాన్ని తెరవదు. ఆర్క్‌మ్యాప్‌కు మద్దతు ముగించే తేదీగా ఎస్రీ 2026 మార్చి 1ని నిర్ణయించింది. మీ దగ్గర గాని, మీ ఊరి కార్యాలయంలో గాని అటువంటి పాత ఫైళ్లుంటే, ఆర్క్‌మ్యాప్ నడిచే పాత విండోస్ యంత్రం ఇంకా పనిచేస్తుండగానే వాటిని మార్చిపెట్టుకోవాలి.

అభ్యాసం: మీకు అందుబాటులో ఉన్న ఏదైనా ఒక షేప్‌ఫైల్‌ను క్యూజి.ఐ.ఎస్.లో తెరిచి, జియోప్యాకేజ్‌గా భద్రపరచండి. పట్టికలో 'చెరువు' అనే పేరుతో ఒక కొత్త నిలువు వరుస చేర్చి, మీ మండలంలోని ఐదు చెరువుల పేర్లు తెలుగులో రాయండి. ఆ ఫైలును వేరే వ్యవస్థ ఉన్న కంప్యూటర్‌పై తెరిచి, పేర్లు అలాగే ఉన్నాయో లేదో మీ అభ్యాస పుస్తకంలో నమోదు చేయండి.