ఓరుగల్లు బండ, మన చెరువు మట్టి

మొన్న మా చెరువు కాడ ఇద్దరికి మాటా మాటా అయింది. ఒకాయన పూడిక మట్టి పొలానికి కొట్టుకుంటున్నడు. ఇంకొకాయన "ఉత్త మట్టే కదనే, ఇటుక బట్టీకి ఇస్తే పైసలన్న వస్తయి" అన్నడు. దానికి జవాబు చెప్పాలంటే చాలా పాత ముచ్చట ఎత్తుకోవాలె.

మన ఓరుగల్లు పేరే బండ మీద పుట్టింది. ఓరుగల్లు అంటే ఒంటి రాయి. సంస్కృతంల ఏకశిలా నగరం అన్నరు. ఖిలా వరంగల్‌ల ఆ గుట్ట ఇప్పటికీ ఉన్నది. అది గ్రానైట్. మనం బోరు వేస్తే తగిలే బండ కూడా చాలా మటుకు ఆ జాతిదే. వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. భూమి లోతుల్ల కరిగిన రాయి సల్లబడి గట్టిపడ్డది. పైన ఉన్నదంతా అరిగిపోయినంక మనకు కనబడ్డది.

ఆ రాయి ముక్క పట్టుకొని చూడుండ్రి. తెల్లగ అద్దం లెక్క మెరిసేది పలుగు. గులాబీ, పాలరంగు పలుకులు ఫెల్డ్‌స్పార్. నల్లగ తళతళలాడేది కాకిబంగారం. పగలు ఎండకు బండ ఉబ్బుతది, రాత్రి ముడుచుకుంటది, ఉల్లిగడ్డ పొర లెక్క పెచ్చులు లేస్తయి. పగుళ్లల్ల నీళ్ళు దిగుతయి, రావి వేరు దూరుతది. వాన నీళ్ళు గాలిల ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకొని జర పులుపు ఎక్కుతయి. ఆ నీళ్ళకు ఫెల్డ్‌స్పార్ ఆగదు, మెల్లగ జిగట మట్టి అయితది. పలుగు మాత్రం కరగదు, ఇసుకై మిగులుతది. కాకిబంగారంల ఉన్న ఇనుము తుప్పు పడితే ఎరుపు వస్తది. మనం సంచి కొని చల్లే పొటాష్ ఉన్నది చూడుండ్రి, అది ఫెల్డ్‌స్పార్‌ల, కాకిబంగారంల ముందు నుంచే ఉన్నది.

బావి తవ్వినోళ్ళకు ఇది కొత్త కాదు. పైన ఎర్రమట్టి, కింద మొరం, ఆ కింద చేత్తో నలిపితే పొడి అయ్యే రాయి, ఆఖరుకు గట్టి బండ. కింది నుంచి పైకి చూసుకుంటూ వస్తే మట్టి ఎట్ల పుట్టిందో తెలుస్తది. ఒక్క అంగుళం మట్టి కావడానికి వందల ఏళ్ళు పడతయి, బండ గట్టిదైతే వేల ఏళ్ళు.

ఇట్ల పుట్టిన మట్టి పుట్టిన కాడ ఉండదు. వానకు సన్న జిగట మట్టి పల్లానికి పోతది, మిట్ట మీద ఇసుక మిగులుతది. అందుకే మన చలకల నీళ్ళు నిలువయి, నాలుగు రోజులు వాన లేకుంటే పత్తి వాడుతది. పల్లంల నీళ్ళు నిలిచిన కాడ సున్నం పేరుకుంటది, మట్టి నల్లబడి రేగడి అయితది. (ఆదిలాబాద్ దిక్కు నల్లరేగడి వేరే ముచ్చట. అది చాలా మటుకు ఆరున్నర కోట్ల ఏళ్ళ కింద పారిన లావా రాయి నుంచి పుట్టింది.)

కాకతీయుల నాడు ఈ పల్లాలకే కట్టలు పోసిండ్రు. గణపతిదేవుడు 1199 నుంచి 1262 దాకా ఏలిండు. పాకాల, రామప్ప, లక్నవరం ఆ కాలపు చెరువులే. వాళ్ళు కట్టింది నీళ్ళ కోసమే, కానీ మన చలకల నుంచి కొట్టుకపోయిన జిగట మట్టి కూడా చెరువులల్లనే ఆగింది. మట్టి విలువ వాళ్ళకు ఇంకో తీరు కూడా తెలుసు. కోట చుట్టూ రాతిగోడ ఒక్కటే కాదు, మట్టిగోడ కూడా కట్టిండ్రు. 1310ల మాలిక్ కాఫర్ దండు ముట్టడి పెట్టినప్పుడు ఆ మట్టిగోడ ఎంత గట్టిదో ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో రాసి పెట్టిండు.

మా బాపు ఎండాకాలం వచ్చిందంటే ఎడ్లబండి కట్టి చెరువు మట్టి తోలేటోడు. యూరియా సంచులు వచ్చినంక మేమే బంద్ చేసినం. అంతటితోని ఆగలేదు నేను. పదిహేనేళ్ళ కింద బోరు అప్పు మీద పడ్డది. చెరువు కింది 20 గుంటల మడి జర మిట్టగ ఉండె. ఒక బట్టీ ఆయన అడిగితే అడుగున్నర మందం మట్టి అమ్మిన. మడి సాపు అయితది, నీళ్ళు మంచిగ పారుతయి అనుకున్న. నీళ్ళయితే పారినయి. వరి మాత్రం ఎదగలేదు. దున్నితే మొరం లేచింది. ఒక సంచి వేసే కాడ రెండు వేసినా గింజ బరువు రాలేదు. నేను అమ్మింది మా తాత కూడా చూడనంత పాతది, అప్పుడు సమజ్ కాలేదు.

2015ల మిషన్ కాకతీయ మొదలైంది. మరుసటేడు మా చెరువు పూడిక తీసిండ్రు. నేను ఆ మడికి 30 ట్రాక్టర్లు కొట్టిన. మొదటి ఏడు పెద్ద తేడా లేదు, గడ్డలు గడ్డలుగ ఉండె. మూడో పంటకు వరి పచ్చగ నిలబడ్డది. పోయిన మట్టి మొత్తం రాలేదు, సగం నష్టం ఇప్పటికీ ఉన్నది.

చెరువు కాడ పంచాయితీ పెట్టుకున్న తమ్మునికి నేను చెప్పింది ఇదే. చలక ఉన్నోళ్ళు ముందు తోలుకోండ్రి. ముందే జిగట రేగడి ఉన్న కాడ పోస్తే లాభం లేదు, నీళ్ళు ఇంకా నిలుస్తయి. తోలే ముందు మట్టి పరీక్ష చేయించుకోండ్రి, చౌడు ఉంటే ముట్టొద్దు. వానలు పడేదాకనే టైం ఉన్నది, ట్రాక్టర్ కలుపుకొని తోలేటోళ్ళు ఉంటే కింద కామెంట్ పెట్టుండ్రి.