గిరాకీ అంచనాల కచ్చితత్వ పర్యవేక్షణ

గిరాకీ అంచనాల కచ్చితత్వ పర్యవేక్షణ అనగా ఒక సరకు ఎప్పుడు, ఎక్కడ, ఎంత అవసరమగునో ముందుగా వేసిన అంచనాను తరువాతి వాస్తవంతో క్రమం తప్పక పోల్చి, అంచనా పద్ధతి ఇంకను నమ్మదగినదేనా అని నిర్ణయించు ప్రక్రియ. ఇది సరఫరా గొలుసు ప్రణాళికలో ఒక భాగం. కృష్ణా డెల్టా దిగువ ప్రాంతమైన మచిలీపట్నం, గుడివాడ, దివిసీమలలో ధాన్యం కొనుగోలుకు కావలసిన గోనె సంచుల లెక్క దీనికి చక్కని ఉదాహరణ.

సంచుల లెక్క

సాగు విస్తీర్ణాన్ని పంటకోత ప్రయోగాలలో తేలిన దిగుబడితో గుణించి, ఇంటి వాడకం, విత్తనం తీసివేస్తే అమ్మకానికి వచ్చే ధాన్యం తెలుస్తుంది. కొనుగోలు కేంద్రాలలో సంచికి 40 కిలోల చొప్పున నింపుతారు కనుక టన్నుకు 25 సంచులు కావాలి. అయితే ఈ ప్రాంతపు రైతు దిగుబడిని 75 కిలోల బస్తాలలో చెబుతాడు. ఎకరాకు 30 బస్తాలంటే 2,250 కిలోలు, అనగా 56 సంచులకు పైమాటే. ఈ తేడాను మరచినవాని లెక్క దాదాపు సగానికి పడిపోతుంది. ఎంత గొప్ప గణిత నమూనా అయినా ఈ పొరపాటును సరిదిద్దలేదు.

సార్వా కోతలు నవంబరు, డిసెంబరు నెలలలో, అనగా తుఫానుల కాలంలోనే వస్తాయి. సంచి అందకపోతే ధాన్యం కల్లంలోనే ఉండిపోతుంది. తడిస్తే మొలకెత్తుతుంది, తేమ 17 శాతం మించితే ప్రమాణాలకు నిలవదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపంలో తీరం దాటినప్పుడు డెల్టాలో చాలా ధాన్యం ఇట్లే తడిసింది.

కొలమానాలు

ఒక కేంద్రంలో ఐదు వారాల అంచనా వరుసగా 1000, 1200, 1500, 1200, 800 సంచులనీ, వాస్తవ అవసరం 900, 1000, 1900, 1500, 900 అనీ అనుకుందాం. మొత్తం మీద అంచనా 5,700, అవసరం 6,200. దోషం 8 శాతమే. కాని గుర్తులు విడిచి వారాల దోషాలను కూడితే 1,100, అనగా దాదాపు 18 శాతం. మొదట మిగిలిన 300 సంచులను వాడినా మూడవ వారంలో 100 తక్కువపడతాయి. చివరికి లోటు 500కు చేరుతుంది. అందుచేత సీజను మొత్తానికి చూపే కచ్చితత్వం రైతుకు పనికిరాదు.

దోషాలు ఎప్పుడూ ఒకే వైపుకు మొగ్గితే దానిని పక్షపాతం అంటారు. దోషాల మొత్తాన్ని సగటు నిరపేక్ష దోషంతో భాగిస్తే వచ్చేది ట్రాకింగ్ సిగ్నల్. పై ఉదాహరణలో అది 500ను 220తో భాగించగా సుమారు 2.3. సాధారణంగా 4 దాటితే పద్ధతిని పరిశీలించాలంటారు. 1964లో ట్రిగ్ ఈ సూచికను మెరుగుపరచి ప్రతిపాదించాడు. క్రిందటి ఏటి అంకెనే మరల వ్రాసుకొనుట కంటె నమూనా మెరుగ్గా ఉన్నదా అన్నది కూడ చూడాలి. 1982లో ప్రచురితమైన మక్రిడాకిస్ పోటీ ఫలితాలలో సరళమైన పద్ధతులు పలుమార్లు క్లిష్టమైన వాటికి తీసిపోలేదు.

దాగిన గిరాకీ

పర్యవేక్షణలో అన్నిటికంటె మోసకరమైనది ఇదే. కేంద్రం వద్ద 1,500 సంచులే ఉండి, 1,900 అవసరమైతే, రిజిస్టరులో నమోదయ్యేది ఇచ్చిన 1,500 మాత్రమే. అంచనా 1,500, నమోదు 1,500 కనుక దోషం సున్నాగా కనిపిస్తుంది! ఉత్త చేతులతో తిరిగి వెళ్ళిన రైతు ఆ లెక్కలో లేడు. మరుసటి ఏడు అదే అంకెపై అంచనా వేస్తే కొరత కూడ స్థిరపడిపోతుంది. కనుక ఇచ్చిన సంచులను గాక అడిగిన సంచులను నమోదు చేయాలి; నిల్వ అయిపోయిన తేదీలను విడిగా గుర్తించాలి.

నమూనా పాతబడుట

పూర్వం వరిని కోసి, కుప్పవేసి, తీరికగా నూర్చేవారు. ధాన్యం నెలల తరబడి కొద్దికొద్దిగా వచ్చేది. కోత యంత్రాలు వచ్చిన తరువాత పచ్చిధాన్యం కొద్ది వారాలలోనే ఒక్కుమ్మడిగా వస్తున్నది. మొత్తం మారకున్నా కాలం మారినది. పాత సంవత్సరాల అంకెలతో తయారైన నమూనా ఇక్కడ తప్పుతుంది. వరదలూ ఇట్టివే: 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజి నుండి 11 లక్షల క్యూసెక్కులకు మించిన ప్రవాహం విడుదలైనది. అట్టి ఏటి అంకెలను వేరుగా గుర్తించి ఉంచుతారు గాని చెరిపివేయరు.