బాల నేరస్థుల శాసనాలు – పర్యవేక్షణ – దూరం: ఐ.పోలవరం నుంచి చెంగల్పట్టు దాకా

గోదావరి సీమలో పోలవరాలు రెండు. పాపికొండల దిగువన ఉన్న పోలవరం నేడు ప్రాజెక్టు పేరుతో దేశమంతటికీ తెలుసు. రెండవది సముద్రానికి చేరువగా, గౌతమి, వృద్ధ గౌతమి పాయల నడుమ ఉన్న లంక భూమిలోనిది. మొదటి దానితో పొరబడకుండా దీని ముందు ‘ఐ’ చేరింది. ఐలాండ్ అన్న మాటకు అది సంక్షేపం. కాలువ నీరు కూడ ఈ లంకకు అన్నంపల్లి అక్విడక్టు మీదుగా, పాయను దాటి రావలసిందే. మండలంలోని ఎదుర్లంకకు ఆవలి ఒడ్డున యానాం ఉంది; 2002లో వంతెన వచ్చే వరకు ఆ రెండు ఒడ్లను కలిపినది పడవే.

న్యాయపాలన చరిత్రకు ఈ భౌగోళిక వివరాలతో పని లేదని తోచవచ్చు. అయితే మద్రాసు రాష్ట్రంలో బాల నేరస్థుల కోసం చేసిన శాసనాలను ఇటువంటి ఒక మారుమూల గ్రామం నుంచి చూచినపుడు, వాటి పాఠంలో కనిపించని ఒక అంశం బయట పడుతుంది. శాసనం ఎంత ఉదారమైనదైనా దాని ఫలితం అందవలసిన బాలునికీ, అతనిని కనిపెట్టి ఉండవలసిన అధికారికీ మధ్య ఎంత దూరం ఉన్నదన్న దానిపైనే అమలు ఆధారపడింది. ఈ వ్యాసం ఆ దూరాన్ని పరిశీలిస్తుంది.

తహశీలుదారు, కలెక్టరు, జైలు

పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో కోనసీమ గోదావరి జిల్లాలో భాగం. కలెక్టరు కచేరి కాకినాడలోను, జిల్లా న్యాయస్థానం రాజమహేంద్రవరంలోను ఉండేవి. తాలూకా కేంద్రాల్లోని సబ్‌జైళ్లు చాలాకాలం రెవెన్యూ అధికారుల చేతిలోనే ఉన్నాయి. శిస్తు వసూలు చేసే తహశీలుదారే విచారణ ఖైదీల బాగోగులకూ బాధ్యుడు. నేరం తీవ్రమైనదైతే నిందితుడు పడవ మీద కాలువ దారిన రాజమహేంద్రవరం చేరేవాడు.

అక్కడి కేంద్ర కారాగారం 1864 నుంచి జైలుగా ఉంది. అంతకుముందు అది డచ్చివారి కోట అనీ, 1602లో కట్టించారనీ తరచుగా వ్రాస్తుంటారు. డచ్చి ఈస్టిండియా కంపెనీ హాలండులో ఏర్పడినదే 1602లో. కోరమాండల్ తీరంలో వారు కాలు మోపినది ఆ తరువాత, అదీ ముందుగా మచిలీపట్నం ప్రాంతంలో. కోట డచ్చివారిదే కావచ్చు గాని ఆ సంవత్సరం మాత్రం విశ్వసింపదగినది కాదు.

1894 నాటి ప్రిజన్స్ చట్టం జైళ్ల పర్యవేక్షణకు ఒక చట్రాన్ని ఇచ్చింది. ప్రతి రాష్ట్రానికి జైళ్ల ఇన్‌స్పెక్టర్ జనరల్, ప్రతి జైలుకు సూపరింటెండెంటు, వైద్యాధికారి ఉండాలి. బయటి నుంచి వచ్చి చూచే ‘విజిటర్ల’ నియామకానికి నిబంధనలు చేసుకొనే వీలు ప్రభుత్వానికి కలిగింది. చిన్న వయసు ఖైదీలను పెద్దల నుంచి వేరుగా ఉంచాలన్నది అదే చట్టంలోని ఆదేశం. అది గోడల లోపలి వేర్పాటు మాత్రమే. బాలుడు జైలుకు రాకూడదన్న భావన అందులో లేదు. అధికారులైన విజిటర్లు తమ అధీనంలోని వ్యవస్థనే తాము తనిఖీ చేసేవారు. అనధికార విజిటర్లుగా ప్రభుత్వం ఎంచుకొనేది పట్టణ ప్రముఖులను. లంక గ్రామపు కూలివాని కొడుకు పక్షాన మాట్లాడగల వారికి ఆ పట్టికలో చోటు ఉండే అవకాశం తక్కువ.

బెత్తమా, చెంగల్పట్టా?

బాలుని జైలుకు పంపకుండా ఉండేందుకు మేజిస్ట్రేటు చేతిలో తొలినాళ్లలో ఉన్న సాధనం బెత్తం. 1864 నాటి కొరడా దెబ్బల చట్టం బాల నేరస్థులకు ఇతర శిక్షలకు బదులుగా దెబ్బలు విధించే వీలు కల్పించింది. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడు పెద్దలకు ముప్పై దెబ్బలు, పదహారేళ్ల లోపు వారికి పదిహేను అని గరిష్ఠ పరిమితి పెట్టింది. దీనిని క్రూరత్వంగా కాక కరుణగా భావించిన అధికారులు ఉన్నారు. పిల్లవాడు జైలులో పాత నేరగాళ్ల సహవాసంలో పడడు, దెబ్బలు తిని సాయంత్రానికి ఇల్లు చేరుతాడు అన్నది వారి వాదం. ఆ వాదంలో కొంత నిజం లేకపోలేదు. అంతకన్న మంచి మార్గం అందుబాటులో లేదన్న ఒప్పుకోలు కూడ అందులోనే ఉంది. ఈ శిక్ష స్వాతంత్ర్యానంతరం, 1955లో గాని పూర్తిగా రద్దు కాలేదు.

ఆ మంచి మార్గం పేరు రిఫార్మేటరీ పాఠశాల. 1876లో ఒక చట్టం, దాని స్థానంలో 1897లో మరొకటి వచ్చాయి. 1897 చట్టం ప్రకారం పదిహేనేళ్ల లోపు బాలుని జైలుకు బదులు మూడేళ్లకు తక్కువ కాకుండా, ఏడేళ్లకు మించకుండా రిఫార్మేటరీలో ఉంచవచ్చు. చట్టం చెప్పినది ‘బాలుడు’ అనే. బాలికల మాట అందులో లేదు. మద్రాసు రాష్ట్రానికి ఈ పాఠశాల 1887లో చెంగల్పట్టులో ఏర్పడింది. అది విద్యాశాఖ అజమాయిషీలో నడవడం మంచి సంగతే. జైలు అధికారి కాక పాఠశాల తనిఖీదారు బాలుని చూస్తాడని దాని భావం.

అయితే చెంగల్పట్టు మద్రాసుకు కూడ దక్షిణాన ఉంది. పాఠశాల తెరచిన నాటికి గోదావరి మీద రైలు వంతెన లేదు; అది 1900లో పూర్తయింది. విజయవాడ నుంచి మద్రాసుకు తీరం వెంబడి రైలుమార్గం 1899లో కలిసింది. అంతవరకు కోనసీమ బాలుని అక్కడికి చేర్చాలంటే కాలువ మీద పడవ, కాకినాడ రేవులో స్టీమరు, సముద్ర ప్రయాణం, ఆపై మద్రాసు నుంచి మరొక ప్రయాణం. వెంట పోలీసు జవాను, అతని బత్తెం. చేరిన తరువాత చుట్టూ వినిపించేది తమిళం. తల్లిదండ్రులు ఒకసారి వెళ్లి చూచి రావాలన్నా అది వారి తాహతుకు మించిన పని. మూడేళ్ల నుంచి ఏడేళ్ల కాలం పదేళ్ల పిల్లవానికి బాల్యంలో మిగిలిన భాగమంతా. చేసినది కొబ్బరికాయల దొంగతనమే అయితే, చెంగల్పట్టును సంస్కరణగానూ బెత్తాన్ని శిక్షగానూ ఆ కుటుంబం భావించి ఉండదు. బహుశా దానికి వ్యతిరేకంగా తలచి ఉంటుంది.

పర్యవేక్షణకు మరొక హద్దు గౌతమి. ఆవలి ఒడ్డున యానాం 1954 వరకు ఫ్రెంచివారిది. 1930లో శారదా చట్టం అమలులోకి వచ్చాక బ్రిటిషు సీమ నుంచి పెళ్లిబృందాలు యానాంకు తరలి వెళ్లడం ప్రసిద్ధమే. పెళ్లివారు దాటగలిగిన ఏటిని నిందితుడు దాటలేడా? పోలీసు అధికారం ఎదుర్లంక రేవు వద్ద ఆగిపోయేది. ఆవలికి వెళ్లిన వానిని రప్పించడం రెండు ప్రభుత్వాల మధ్య వ్యవహారం. చిల్లర నేరానికి అంత శ్రమ తీసుకొనే అధికారి అరుదు.

ప్రజల భద్రత పేరిట పిల్లలను పుట్టుకతోనే అనుమానించిన శాసనం కూడ ఈ కాలంలోనే పనిచేసింది. 1911 నాటి నేరస్థ తెగల చట్టం ఆరేళ్లు దాటి పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి ప్రత్యేక పాఠశాలల్లో ఉంచే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. స్టువర్టుపురం, సీతానగరం, కావలి సెటిల్మెంట్ల నిర్వహణను మత ప్రచార సంస్థలకు అప్పగించారు. పర్యవేక్షణ అన్న మాట ఇంత సన్నిహితంగా, నిత్యం హాజరు తీసుకొనే స్థాయిలో అమలైన సందర్భం వేరొకటి లేదు. నేరం చేసిన కోనసీమ బాలుని పట్ల చూపని శ్రద్ధ, ఏ నేరమూ చేయని తెగ పిల్లవాని మీద చూపారు.

1920, 1926

1919–20 నాటి భారత జైళ్ల కమిటీకి అధ్యక్షుడు మద్రాసు సివిల్ సర్వీసుకు చెందిన సర్ అలెగ్జాండర్ కార్డ్యూ. ఖైదీని భయపెట్టడంతో పాటు సంస్కరించడం కూడ జైలు బాధ్యతేనని ఆ కమిటీ స్పష్టం చేసింది. పిల్లలకు వేరు న్యాయస్థానాలు ఉండాలని కోరింది. మద్రాసు రాష్ట్రం 1920లో బాలల చట్టం చేసింది. బెంగాలు 1922లో, బొంబాయి 1924లో ఆ దారి పట్టాయి. ఇంగ్లండులోని 1908 చట్టం దీనికి నమూనా. పద్నాలుగేళ్ల లోపు వారికి ఖైదు లేదు. ఆ పై వయసు వారికి కూడ సామాన్యంగా లేదు. కాని బాలుడు సర్టిఫైడ్ పాఠశాలలో అదుపు చేయరానంతటి మొండివాడు, చెడినవాడు అని న్యాయస్థానం నమోదు చేస్తే జైలుకు పంపవచ్చు. ఈ మినహాయింపు ఒక్క వాక్యమే అయినా తరువాతి శతాబ్దమంతా అది పోలేదు. చెంగల్పట్టు రిఫార్మేటరీ ఈ చట్టం కింద సీనియర్ సర్టిఫైడ్ పాఠశాల అయింది. పేరు మారింది గాని ఊరు మారలేదు.

1925 నాటి బోర్‌స్టల్ పాఠశాలల చట్టం, అనగా 1926లోని అయిదవ చట్టం, పదహారు నుంచి ఇరవై ఒకటి మధ్య వయసు వారికి ఉద్దేశించినది. ఖైదుకు బదులు రెండేళ్ల నుంచి అయిదేళ్ల వరకు, ఎటూ ఇరవై మూడవ ఏడు దాటకుండా, బోర్‌స్టల్‌లో నిర్బంధం. ఆరు నెలల తరువాత నడవడిని బట్టి, ఒకరి పర్యవేక్షణలో ఉంటాడన్న షరతుపై లైసెన్సు మీద విడుదల. బోర్‌స్టల్ తంజావూరులోను, తరువాత పాళయంకోటలోను నడిచింది. తెలుగు యువకునికి చెంగల్పట్టు కన్న ఇవి మరింత దూరం.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినపుడు మద్రాసు శాసనాలన్నీ యథాతథంగా సంక్రమించాయి. ఆ శాసనాలు నడిపిన ముఖ్య సంస్థలు మాత్రం తమిళ సీమలోనే ఉండిపోయాయి. బాలల చట్టం, బోర్‌స్టల్ చట్టం, 1936 నాటి ప్రొబేషను చట్టం కాగితం మీద ఉన్నాయి. భవనాలు, శిక్షణ పొందిన సిబ్బంది, ముప్పై ఏళ్ల అనుభవం రాలేదు. రాష్ట్ర విభజన చరిత్రలో మద్రాసు నగరం గురించి వ్రాసినంతగా ఈ నష్టం గురించి ఎవరూ వ్రాయలేదు.

ఇరవై మూడేళ్లు నిండిన తరువాత

బోర్‌స్టల్ చట్టంలోని 10-ఏ సెక్షను ప్రకారం, జైలులో శిక్ష అనుభవిస్తున్న యువకుని ప్రభుత్వం బోర్‌స్టల్‌కు మార్చవచ్చు. హత్యానేరానికి యావజ్జీవ శిక్ష పడిన ఆంధ్రప్రదేశ్ యువకుడొకనిని ఆ విధంగా మార్చారు. ఇరవై మూడేళ్లు నిండిన పిదప అతనిని ఏం చేయాలి? శిక్షలో మిగిలిన భాగం అనుభవించేందుకు తిరిగి జైలుకు పంపాలని ప్రభుత్వం వాదించింది. హైకోర్టు దానిని అంగీకరించలేదు. ప్రభుత్వం చేసుకొన్న అప్పీలును సుప్రీంకోర్టు 1984లో త్రోసిపుచ్చింది. బోర్‌స్టల్‌కు మార్చిన తరువాత అతనికి ఆ చట్టమే వర్తిస్తుంది. ఆ చట్టం నిర్ణయించిన వయసు నిండితే విడుదల చేయవలసిందే. యావజ్జీవ ఖైదీలు కనీసం పద్నాలుగేళ్లు జైలులో ఉండాలని 1978లో క్రిమినల్ ప్రొసీజర్ కోడులో చేర్చిన 433-ఏ సెక్షను దీనికి అడ్డు రాదు.

ఈ తీర్పు ప్రభుత్వానికి సులభంగా మింగుడు పడేది కాదు. హత్య చేసినవాడు కొద్ది ఏళ్లలో ఊరికి తిరిగి వస్తే హతుని కుటుంబం ఏమనుకొంటుంది? ఒకే వీథిలో రెండు ఇళ్లూ ఉండే లంక గ్రామాల్లో ఇది ఊహాజనితమైన ప్రశ్న కాదు. విడుదలైన వానిపై పర్యవేక్షణ సక్రమంగా ఉంటే ఆ భయానికి కొంత సమాధానం దొరికేది. శాసనం ఆ పర్యవేక్షణను ఊహించింది. దానిని గ్రామం దాకా తీసుకొని వెళ్లే ప్రొబేషను అధికారులను తగినంతమందిని నియమించడం ప్రభుత్వం పని. న్యాయస్థానం శాసనాన్ని దాని మాట ప్రకారం అన్వయించింది. లోపం ఉన్నచోటు వేరు.

రాష్ట్రాల బాలల చట్టాల స్థానంలో 1986లో కేంద్ర జువెనైల్ జస్టిస్ చట్టం వచ్చింది. బాలురకు పదహారు, బాలికలకు పద్దెనిమిది వయోపరిమితి. 2000లో వచ్చిన చట్టం ఇద్దరికీ పద్దెనిమిదిగా నిర్ణయించింది. అది పార్లమెంటులో ఆమోదం పొందిన నాటికి లోక్‌సభ సభాపతి ఐ.పోలవరం మండలం ఎదుర్లంకలో జన్మించిన జి.ఎం.సి. బాలయోగి. ఆయన కాకినాడలో న్యాయవాది. 1985లో మేజిస్ట్రేటు పదవికి ఎంపికైనా దానిని వదులుకొని వకాలతులోనే కొనసాగారు. ఎదుర్లంక–యానాం వంతెనకు పెట్టిన పేరు ఆయనదే.

2012 డిసెంబరు ఢిల్లీ ఘటన తరువాత ప్రజల భద్రత చర్చలో ముందుకు వచ్చింది. 2016 జనవరి 15 నుంచి అమలైన 2015 చట్టం, అతి తీవ్ర నేరాల్లో పదహారు దాటిన వారి మానసిక పరిణతిని బోర్డు ప్రాథమికంగా అంచనా వేసి, పెద్దల వలె విచారించేందుకు పంపవచ్చునంటుంది. 1920 నాటి ‘మొండివాడు, చెడినవాడు’ మినహాయింపుకు ఇది వారసురాలు. పరీక్షించేవారు మారారు, పరీక్ష కాస్త శాస్త్రీయమైంది. అంతకన్న గమనార్హమైనది 20వ సెక్షను. ఇరవై ఒక్కేళ్లు నిండాక శిక్ష మిగిలి ఉంటే, బాలల న్యాయస్థానం అతనిలో వచ్చిన మార్పును అంచనా వేసి షరతులపై విడుదల చేయవచ్చు, లేదా మిగిలిన కాలానికి జైలుకు పంపవచ్చు. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోరి పొందలేకపోయినది దాదాపు ఇదే. అయితే నాడు ప్రభుత్వం తనంతట తాను చేయదలచిన పని నేడు న్యాయస్థానం నిర్ణయానికి లోబడింది. ఆ నిర్ణయానికి ఆధారం బాలుడు ఉన్న సంస్థలో ఏళ్ల తరబడి వ్రాసిన ప్రొబేషను అధికారి నివేదికలు. అవి లేకపోయినా, తూతూ మంత్రంగా వ్రాసినా, న్యాయమూర్తి ముందు మిగిలేది పాత నేరం ఒక్కటే.

అదే చట్టం ప్రతి జిల్లాకు ఒకటి గాని అంతకు మించి గాని జువెనైల్ జస్టిస్ బోర్డులు ఉండాలంటుంది. ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు, వారిలో కనీసం ఒకరు స్త్రీ. బోర్డు నెలకు ఒక్కసారైనా బాలుర గృహాలను తనిఖీ చేయాలి. పెద్దల జైళ్లకు కూడ వెళ్లి, అక్కడ పద్దెనిమిదేళ్ల లోపు వారు ఎవరైనా ఉన్నారేమో చూడాలి. 2022 ఏప్రిల్ 4న కోనసీమ వేరు జిల్లా అయింది. కేంద్ర కారాగారం ఉన్న రాజమహేంద్రవరం ఇప్పుడు పొరుగు జిల్లా. ఐ.పోలవరం నుంచి ఆ జైలుకు వెళ్లిన కుర్రవాని వయసు ప్రవేశపు రిజిస్టరులో ఎంతని పడిందో, దానికి ఆధారం బడి సర్టిఫికెట్టా, పోలీసు చూచి వేసిన అంచనాయా అన్నది ఆ తనిఖీలో మొదట చూడవలసిన గడి.